వానకొలత డబ్బాలో మిగిలిన నీళ్ళు

శామీర్‌పేట చెరువు కట్టకు కూతవేటు దూరంలో, పెద్ద రోడ్డు నుంచి లోపలికి మళ్ళిన మట్టిదారి చివర ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయం ఉంది. ఆ ఆవరణలో, ముళ్ళతీగ కంచె నడుమ, సిమెంటు దిమ్మె మీద మోకాలెత్తు డబ్బా ఒకటి నిలిచి ఉంటుంది. కాగితాల మీద దాని పేరు వర్షమాపకం. కార్యాలయంలో పనిచేసేవారికీ, దారిన పోయేవారికీ అది వానకొలత డబ్బా. ప్రతిదినం ఉదయం సరిగ్గా ఎనిమిదిన్నర గంటలకు దాని తాళం తీసి, లోపలి సీసాలోకి దిగిన నీటిని గీతలున్న కొలగాజులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి, రిజిస్టరులో రాసి సంతకం చేయవలసిన బాధ్యత వినోదది.

ప్రతిదినం అంటే ప్రతిదినమే. ఆదివారమైనా, పండుగైనా, జయంతి అయినా సరే. వానకు సెలవు లేదు గనుక వాన కొలిచే మనిషికీ లేదని, ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే ఆమెకు చెప్పారు.

ఆ సంగతి ఆమెకు అంతకుముందే తెలుసు. ఆమె తండ్రి కుర్మయ్య ఇరవై రెండేళ్ళు అదే డబ్బాను కొలిచాడు. ఉద్యోగంలో ఉండగానే ఆయన కాలం చేయడంతో, కారుణ్య నియామకం కింద ఆ పని వినోదకు సంక్రమించింది. డబ్బా తాళంచెవి, ఆయన దానికి కట్టిన నల్లదారంతో సహా ఆమెకు అందింది. అది జరిగి పదకొండేళ్ళయింది.

మొదటి రెండు మూడేళ్ళు ఆమె ఎంతో శ్రద్ధగా కొలిచింది. కాపురం మేడ్చల్‌లో. ఎనిమిదిన్నరకు డబ్బా దగ్గర ఉండాలంటే ఏడుంబావుకే ఇల్లు విడవాలి. తక్కిన ఉద్యోగులు పదిన్నరకు వస్తారు. ఇంతా చేసి, సంవత్సరంలో మూడువంతుల దినాలు ఆ సీసాలో చుక్క నీరుండదు. రిజిస్టరులో సున్నా, చుక్క, మళ్ళీ సున్నా. ఆ సున్నా రాయడానికి బస్సు ఎక్కి రావాలి, తాళం తీయాలి, ఖాళీ సీసాను వంచి చూడాలి, తిరిగి తాళం వేయాలి. ఏ అధికారీ ఏనాడూ ఆ సున్నాలను గురించి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

మూడు వేసవులుగా వినోద ఒక అలవాటు చేసుకుంది. ఎండలు ముదిరిన తరువాత, సోమవారం నాడే ఆదివారం దాకా సున్నాలు రాసి, ఏడు సంతకాలు వరుసగా చేసేది. సెలవు దినాల్లో రావడం మానుకుంది. ఆ ఏడు గళ్ళూ నిండగానే, వారం బరువు దిగిపోయినట్లు ఉండేది ఆమెకు.

ఆ ఏడాది మార్చిలో ఆమె బదిలీకి దరఖాస్తు పెట్టుకుంది. అల్వాల్‌లోని శాఖా కార్యాలయంలో తపాలు నమోదు చేసే స్థానం ఖాళీ అయింది. అక్కడ పంకా కింద కూర్చుని వచ్చిన ఉత్తరాలు పుస్తకంలో ఎక్కించడమే పని. మేడ్చల్‌లో లోకల్ రైలెక్కితే తిన్నగా అల్వాల్‌లో దిగవచ్చు. అక్కడ వానకొలత డబ్బా లేదు.

దరఖాస్తు సూపరింటెండెంటు కృష్ణారావు గారి బల్ల మీద ఉంది. ఆయన స్వస్థలం తెనాలి దగ్గర. ముప్ఫై ఏళ్ళ క్రితం ఉద్యోగరీత్యా వచ్చి, కౌకూర్‌లో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. కంప్యూటరు వచ్చినా, పైకి పంపే ప్రతి ఉత్తరాన్నీ ముందుగా సిరాకలంతో తెల్లకాగితం మీద తానే రాసుకుంటారు. ఒక్క మాట కొట్టివేయవలసి వచ్చినా కాగితం మొత్తం మార్చివేస్తారు. వినోద బదిలీ సిఫారసు ఆయన చేతిరాతలో సిద్ధమయింది. అందులో చివరి వాక్యం ఇది: "సదరు ఉద్యోగిని విధి నిర్వహణలో ఎట్టి లోపమునూ నా దృష్టికి రాలేదు." ఆ వాక్యం కింద ఆయన సంతకం చేయడమే మిగిలింది. వచ్చే సోమవారం చేస్తానన్నారు.

ఏప్రిల్ పదహారు, గురువారం. పదకొండు గంటల వేళ ఒక ముసలామె కార్యాలయపు మెట్లెక్కి వచ్చింది. కొంగు చివర ఏదో మూటగట్టి ఉంది. చెరువు కింది ఊళ్ళో రెండెకరాల వరి వేసే ఐలమ్మ. వినోద తండ్రిని ఎరిగిన మనిషి.

"నువ్వు కుర్మయ్య బిడ్డవు గదా," అంది ఆమె మెట్టు మీదనే కూలబడి. "మీ నాయిన సైకిల్ మీద పోతుంటె చూసెటోళ్ళం. నాకొక కాయితం గావాలె బిడ్డా."

"ఏం కాయితం అవ్వా?"

"వాన పడ్డదని కాయితం." ఐలమ్మ మూట విప్పింది. లోపల పిడికెడు వడ్లు. ఒక్కొక్క గింజకూ కొసన తెల్లని మొలక, సూదిమొనంత. "కల్లంల పోసిన. సోమారం పొద్దుగూకంగ కొట్టింది చూడు, టార్పాలిన్ కప్పెటాల్లకె అయిపాయె. కొనేటోళ్ళు గిదేంది మొలకలొచ్చినయ్ అంటుండ్రు. నష్టం రాసేటోళ్ళ దగ్గరికి పోతె, మీ దిక్కు వాననే పడలేదు, లిస్టుల మీ ఊరే లేదు అంటుండ్రు. వాన లెక్క ఈ ఆఫీసుల ఉంటదట."

వినోద రిజిస్టరు తెచ్చి తెరిచింది. తెరిచే వరకూ ఆమెకు ఏ అనుమానమూ లేదు. సోమవారం సాయంత్రం కురిసిన వాన, లెక్క ప్రకారం మంగళవారం ఉదయపు గడిలోకి రావాలి. మంగళవారం ఏప్రిల్ పద్నాలుగు, అంబేద్కర్ జయంతి సెలవు. ఆ గడిలో ఆమె చేతిరాతతోనే సున్నా ఉంది. దాని పక్కన ఆమె సంతకం.

"ఎంతుంది బిడ్డా?"

"జరాగు అవ్వా," అంది వినోద. "నిజంగ పడ్డదా? మేడ్చల్‌ల చినుకు గూడ లేదు."

"మేడ్చల్‌ల పడకుంటె నా వడ్లు ఉత్తగనె మొలకెత్తినయా? మేకల తొట్టిల అడ్డవేలు మందం నీళ్ళు నిలిచినయ్. వచ్చి చూస్తవా అంటె, ఎప్పుడో మేకలు తాగిపాయె."

అంటూ ఆ ముసలామె తన చూపుడువేలును అడ్డంగా పట్టి చూపింది. వినోద ఆ వేలిని చూస్తూ నిలబడింది. అప్పుడామెకు ఒక సంగతి తట్టింది. బుధవారం గాని, ఈ ఉదయం గాని ఆమె డబ్బా తాళం తీయనే లేదు. సున్నా ముందే రాసినందున తీసే అవసరం రాలేదు. తీయలేదు గనుక ఒంపలేదు.

ఆమె తాళంచెవి తీసుకుని కంచెలోకి నడిచింది. ఐలమ్మ వెనకే వచ్చింది. మూత వంటి గరాటును పైకెత్తి, లోపలి సీసాను రెండు చేతులతో బయటకు తీసింది. సీసా బరువుగా ఉంది. ఎండపొడలో లోపలి నీరు కదిలి మెరిసింది.

వాన కురిసి మూడోనాడు. మట్టిలో తడి ఆరిపోయింది, దారిలో ధూళి లేస్తోంది, మేకలు తొట్టిని ఖాళీ చేశాయి. సోమవారపు వాన మాత్రం ఈ సీసాలో నోరు మూసుకుని కూర్చుని ఉంది. వినోద ఆ నీటిని కొలగాజులో పోసింది. ఒకసారి నిండా పదికి. రెండోసారి ఏడు దాటి రెండు గీతలు, గీతకు దశాంశం రెండు చొప్పున. పదిహేడు దశాంశం నాలుగు.

ఏదో తోచి, ఆమె తన బల్ల మీది స్కేలు తెచ్చింది. "అవ్వా, నీ వేలియ్యి."

"వేలెందుకే?"

"అడ్డం పెట్టు."

ఐలమ్మ వేలు, నాట్లు వేసి వేసి కణుపులు బలిసినది, స్కేలు మీద పదిహేడుకూ పద్దెనిమిదికీ మధ్య ఆగింది. వినోద మళ్ళీ కొలిచింది. మళ్ళీ అంతే.

పదకొండేళ్ళుగా ఆమె మిల్లీమీటర్లు రాస్తున్నది. అవి గాజు మీది గీతలని మాత్రమే అనుకున్నది. నేల మీద పడిన నీరు ఇంకకుండా, పారకుండా, ఉన్నచోటనే నిలిచి ఉంటే ఎంత మందం నిలిచేదో ఆ అంకె చెబుతుందని ఆమెకు చదువులో చెప్పే ఉంటారు. కాని ఈ సీసాలోని నీరూ, ఆ మేకల తొట్టిలోని నీరూ ఒకే మాట చెబుతున్నాయని ఒక ముసలామె వేలు మీద చూసేవరకూ ఆమెకు తెలియలేదు. ఆ వెనువెంటనే రిజిస్టరులోని సున్నా గుర్తొచ్చింది.

"నువ్వు పో అవ్వా. సోమారం రా," అంది.

"సోమారమే ఆఖరట. ఆ లిస్టు పైకి పోతదట."

"తెలుసు. రా."

కృష్ణారావు గారు అంతా విన్నారు. విన్నంతసేపూ కలం మూత బిగిస్తూ, వదులు చేస్తూ ఉన్నారు. వినోద దాచలేదు. సోమవారం నాడే ఆదివారం దాకా రాసినట్లు, మూడు వేసవులుగా అదే చేస్తున్నట్లు చెప్పింది.

"ప్రతి శనివారం ఆ పేజీ కింద సంతకం పెట్టేది నేనేనమ్మా," అన్నారాయన చివరికి. "పదకొండేళ్ళుగా పెడుతున్నాను. సోమవారం సాయంత్రం మా కౌకూర్‌లో గాలిదుమారం తప్ప ఏమీ లేదు. అందువల్ల ఈ శనివారం కూడా పెట్టేవాడినే."

"గిప్పుడేం జేయమంటరు సార్?"

ఆయన బల్ల మీది బదిలీ సిఫారసును ఒకసారి చూశారు. "చేయవలసింది మూడు విధాలుగా ఉంది. ఆ నీళ్ళు పారబోసి ఊరుకోవచ్చు, ఎవరూ అడగరు. సున్నాను పదిహేడుగా దిద్దవచ్చు, అది ఫోర్జరీ. లేదా ఉన్నది ఉన్నట్లు పైకి రాయవచ్చు. అప్పుడు మీకు మెమో వస్తుంది. ఈ కాగితం మీద చివరి వాక్యం నేను రాయలేను."

"ఆ వాక్యం లేకపోతె?"

"అల్వాల్ వారు తీసుకోరు."

వినోద ఆ చివరి వాక్యాన్ని ఒకసారి చదివింది.

"ఇంకొక చిక్కు," అన్నారు కృష్ణారావు గారు. ఆయనకు చిక్కులు కనిపించడం సహజం. "సోమవారం సాయంత్రం ఆరు నుంచి ఈరోజు పదకొండు వరకు ఆ నీరు డబ్బాలో ఉంది. ఏప్రిల్ ఎండ. ఆవిరి కాలేదని ఏమిటి ఆధారం? పడింది పాతికో, పదిహేడో ఎవరు చెప్పగలరు? పై అధికారి మొదట అడిగే ప్రశ్న అది. జవాబు లేని ఉత్తరం నేను పంపను."

కోపంతోనో, తప్పుకునే దారి చూపడానికో ఆయన అలా అన్నారని వేరెవరైనా అనుకునేవారు. వినోదకు మాత్రం ఆ ప్రశ్న గాలానికి చిక్కిన చేపలా మనసులో కొట్టుకులాడింది. నిజమే. ఎంత ఆవిరయి ఉంటుంది? ఎవరికైనా తెలుసా?

కొలిచి తిరిగి సీసాలో పోసిన నీటిని ఆమె ఒక శుభ్రమైన నీళ్ళబాటిల్లోకి ఒంపి మూత బిగించింది. కృష్ణారావు గారు మూత మీదుగా కాగితపు చీటీ అంటించి, దాని మీద తేదీ వేసి, అడ్డంగా సంతకం చేశారు. ఇనుపబీరువాలో, పాత ఫైళ్ళ పక్కన, సోమవారపు వాన చేరింది.

ఆ సాయంత్రం మేడ్చల్ ఇంట్లో ఆమె భర్త పరమేష్ టీ తాగుతూ ఈ కథంతా విన్నాడు. అతడు కండ్లకోయలో ఒక ఇంజినీరింగు కాలేజీ బస్సు నడుపుతాడు.

"ఇగ అల్వాల్ పాయె," అన్నాడు.

"ఇంక పోలేదు. నేను చెప్తనే పోతది."

"మరి చెప్పకు."

"ఐలమ్మ వడ్లు చూసినవా నువ్వు? సూదిలెక్క మొలకలు."

"నేనేడ చూస్త? నేను చూసేది పోరగాండ్ల మొలకలే, ఇంజినీర్లయితరట," అన్నాడతడు. ఆమె నవ్వకపోవడం చూసి గ్లాసు కింద పెట్టాడు. "సోమారం సాయంత్రం నేను తిరుగు ట్రిప్పుల ఉన్న. కండ్లకోయ కాడ మొగులు మస్తు నల్లగ వచ్చింది. కని శామీర్‌పేట దిక్కు మళ్ళింది. చినుకు రాలలే."

"ఏడ మళ్ళింది? ఏ జాగల?"

"నాకేం తెల్సు, మొగులుకు నేను డ్రైవర్నా?"

"మళ్ళిన జాగ ఏదో తెలిస్తె మంచిగుండు," అంది వినోద. తరువాత చాలాసేపు ఏదో లెక్క వేస్తూ కూర్చుంది. భార్య ఉద్యోగం గురించి ఆఫీసు విడిచాక కూడా ఆలోచించడం పరమేష్ చాలా ఏళ్ళ తరువాత చూశాడు. అతనికది వింతగా ఉంది.

ఆమె వేసిన లెక్క ఇది. రికార్డు గదిలో అదే కొలతగల పాత డబ్బా ఒకటి మూల పడి ఉంది; నొక్కులు పడింది గాని గరాటు, సీసా సరిగానే ఉన్నాయి. దానిలో కొలిచి నీళ్ళు పోసి, అంతే కాలం, అదే ఎండలో ఉంచితే ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. సోమవారం సాయంత్రం ఆరు నుంచి గురువారం పదకొండు వరకు అరవై అయిదు గంటలు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పెడితే సోమవారం పదకొండుకు సరిగ్గా అరవై అయిదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకు ఆమె అసలు డబ్బా తాళం తీసి, ఖాళీ సీసాను వంచి చూసింది. సున్నాయే. అయినా చూసి రాసిన సున్నా అది. ఆ తరువాత రికార్డు గదిలోకి వెళ్ళింది. పాత డబ్బా కోసం వెళ్ళింది గాని, దాని మీద పేర్చిన పాత రిజిస్టర్లు దించవలసి వచ్చింది. వాటి అట్టల మీద తండ్రి చేతిరాత.

ఇటువంటి పొరపాటు పూర్వం ఎవరైనా ఎలా నమోదు చేశారో చూద్దామని ఒకటి తెరిచింది. కుర్మయ్య ఏడో తరగతి దాకా చదివాడు. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. నమోదు గళ్ళ పక్కన, నియమం ప్రకారం ఖాళీగా ఉండవలసిన మార్జినులో, పెన్సిలుతో ఏవో చిన్న చిన్న మాటలు.

"తాళంచెవి పోయింది. రెండు దినాల వాన కలిపి." ఆమె వెతికింది అదే. ఆ అంకె మీద ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, తేదీ వేసి సంతకం చేశాడు. అంకె మీద అంకె దిద్దడం లేదు, చెరపడం లేదు. కాని ఆమె అక్కడితో ఆగలేకపోయింది.

"మిరుగు మొదటి వాన. మన్ను వాసన మేడ్చల్ దాక."

"చినుకు పెద్దది. డబ్బా మోగింది."

"సున్నా. మొగులు వచ్చి పోయింది."

"చెరువు దిక్కు నుంచి వాన. డబ్బాల 12. బయటి తొట్టిల అడ్డవేలు దాటింది. ఎందుకో."

ఆమె ఆ చివరి మాట దగ్గర నిలిచిపోయింది. అడ్డవేలు. తండ్రి కూడా వేలు పెట్టి కొలిచాడు. పేజీలు తిప్పింది. ఆరు నెలల తరువాత మళ్ళీ: "చెరువు దిక్కు వాన. డబ్బాల తక్కువ. ఎందుకో." మరుసటి ఏడు మళ్ళీ. ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఆమె లెక్కపెట్టినంతవరకు పద్నాలుగుసార్లు వచ్చింది. పద్నాలుగుసార్లూ జవాబు లేదు.

ఆయన రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మాట్లాడకుండా కూర్చునేవాడు. సున్నాలు మోసి మోసి ఆయన కూడా విసిగి ఉంటాడని వినోద ఇన్నేళ్ళూ అనుకున్నది. ఆయన విసగలేదని ఈ పెన్సిలు రాత చెబుతోంది. ఆయన ఆలోచిస్తూ కూర్చునేవాడు.

సాయంత్రం ఆరింటికి, నొక్కులు పడిన డబ్బాలో సరిగ్గా పద్దెనిమిది మిల్లీమీటర్ల నీరు పోసి, దిమ్మె పక్కన నేలలో మట్టి తీసి నిలబెట్టింది. శనివారం వచ్చింది. ఆదివారం కూడా వచ్చింది. మూడేళ్ళలో వేసవి ఆదివారం ఎనిమిదిన్నరకు ఆమె ఆ కంచెలో నిలబడడం అదే మొదలు. పరమేష్ బండి మీద దించాడు. తిరిగి పోయేటప్పుడు, దారిలో ప్రతి హోటలు దగ్గరా బండి ఆపించి, "పోయిన సోమారం ఈడ వాన పడ్డదా?" అని అడిగింది.

"పడలె," అన్నాడొకడు. "పడ్డది గని బట్టలు తడవలె," అన్నాడింకొకడు. "దంచింది అక్కా, రేకులు ఎగిరినయ్," అన్నది పండ్లు అమ్మే ఆమె. ఆ చివరి ఇద్దరి మధ్య దూరం రెండు కిలోమీటర్లు ఉండదు. వినోద ఒక చీటీ మీద రాసుకుంటూ పోయింది.

"పెట్రోలు కూడ రాస్తున్నవా?" అన్నాడు పరమేష్.

"నువ్వు కాలేజీకి పోయేటప్పుడు దారిల అడుగుతవా?"

"బస్సుల అరవై మంది ఉంటరే. ఆపి వాన ఎంత పడ్డదని అడిగితె నన్ను పిచ్చోడంటరు."

సోమవారం పదకొండు గంటలకు ఇద్దరు మనుషులు ఆ కంచె దగ్గర ఆమె కోసం ఎదురు చూస్తున్నారు. ఒకరు ఐలమ్మ. రెండోవారు కృష్ణారావు గారు. ఎండకు చేతిరుమాలు నెత్తిన వేసుకుని, చేతి గడియారం చూసుకుంటూ. పదకొండు కొట్టిన తరువాతే మూత తీయనిచ్చారు. వినోద పోసింది, చూసింది.

"పదిహేడు దశాంశం ఎనిమిది సార్. పద్దెనిమిది పోసిన. ఒక్క గీత పోయింది, గంతే."

"అరవై అయిదు గంటలకు ఒక గీత," అన్నారాయన నెమ్మదిగా. "సీసా మూతి చిన్నది. గరాటు నీడ." ఆయన వంగి గరాటు అడుగుకు చూశారు. "ఇది ఎక్కడైనా రాసి ఉందా?"

"తెల్వదు సార్. రాస్తె ఉంటది."

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ ఉత్తరం రాస్తూ కూర్చున్నారు. ఐలమ్మ వరండాలో కొంగు పరుచుకుని పడుకుంది. కృష్ణారావు గారు మూడు కాగితాలు మార్చారు. మొదటి చిత్తులో ఆయన "అనివార్య కారణములవలన కొలత తీయబడలేదు" అని రాశారు. వినోద చదివి, "అనివార్యం గాదు సార్, నేను రాలే," అంది. ఆయన ఆమెను ఒక క్షణం చూసి కాగితం పక్కన పెట్టారు. చివరకు పైకి వెళ్ళిన ఉత్తరంలో ఇలా ఉంది: "సదరు దినమున సెలవు కారణముగా ఉద్యోగిని హాజరు కాక, ముందు దినముననే శూన్యమని నమోదు చేసియున్నది. పదహారవ తేదీన డబ్బాను తెరువగా 17.4 మి.మీ. నీరు లభించినది. వారాంతపు ధ్రువీకరణ చేయు నా సంతకము సైతము, కొలతను పరిశీలింపక చేయబడుచున్నదని మనవి." చివరి వాక్యం ఆయన అడగకుండానే చేర్చుకున్నారు. ఆవిరి పరీక్షకు ఒక అనుబంధం. తొట్టిలోని నీటిని గురించి రాయవలసి వచ్చినప్పుడు ఆయన కలం ఆగింది.

"అడ్డవేలు అనేది ప్రమాణం కాదమ్మా."

"స్కేలు పెట్టి కొలిచిన గద సార్. పదిహేడున్నర."

"ఎవరి వేలు?"

"ఐలమ్మది. నాయిన రిజిస్టర్ల గూడ అడ్డవేలే ఉన్నది."

ఆయన "రైతు వద్దనున్న సాంప్రదాయిక కొలత ప్రకారము" అని రాసి, తృప్తి కలగక, దాని పక్కన "సుమారు 17.5 మి.మీ." అని చేర్చారు. ఉత్తరం సాయంకాలం నాలుగింటికి వెళ్ళింది. బదిలీ సిఫారసులోని చివరి వాక్యాన్ని కొట్టివేయలేదు. ఆ కాగితాన్నే నిలువునా మడిచి ఫైల్లో పెట్టేశారు.

మేలో మెమో వచ్చింది. ఇకమీదట ఇట్టి అలసత్వము పునరావృతమైనచో తీవ్రముగా పరిగణింపబడునని అందులో ఉంది. కృష్ణారావు గారికి వేరుగా ఒకటి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయనకు అది మొదటిది. దాన్ని ఆయన రెండుసార్లు చదివి, తేదీ వేసి, స్వయంగా తపాలు పుస్తకంలో ఎక్కించారు. బదిలీ దరఖాస్తు "ప్రస్తుతము పరిశీలింపబడదు" అని తిరిగి వచ్చింది. ఐలమ్మ ఊరు లిస్టులో చేరింది. ఇద్దరు మనుషులు వచ్చి కల్లంలో గింజలు చూసి, ఫోటోలు తీసి వెళ్ళారని ఆమే వచ్చి చెప్పింది. ఏమిస్తారో, ఎప్పుడిస్తారో ఇంకా తెలియదంది. వెళ్ళేముందు డబ్బా వైపు ఒకసారి చూసి, "జర మంచిగ చూడు బిడ్డా దాన్ని," అని మెట్లు దిగింది.

జూన్ రెండో వారంలో మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చింది. వేకువన మొదలైన వాన ఎనిమిదింటికి సన్నబడింది. వినోద గొడుగు కింద కంచెలోకి వచ్చేసరికి, గేటు దగ్గర మరొక గొడుగు. కృష్ణారావు గారు. పదిన్నరకు రావలసిన మనిషి.

"మీ దరఖాస్తు విషయం చెబుదామని వచ్చాను," అన్నారాయన. "అది తిరస్కారం కాదు. అక్టోబరులో మళ్ళీ పెట్టుకోవచ్చు. మీరు కోరితే చిత్తు ఇప్పుడే రాసి ఉంచుతాను." ఆయన మాట అక్కడ ఆగింది. ఆయన చూపు కంచె చుట్టూ తిరిగింది. దిమ్మె పక్కన నొక్కుల డబ్బా. దానికి కొంత దూరంలో, వరుసగా, అంచులు సమంగా కోసిన నాలుగు నూనె డబ్బాలు. చివరిది చెరువు వైపున్న ఆవరణ ప్రహరీగోడకు దగ్గరగా. "ఇవేమిటి?"

"గా గోడ ఎప్పుడు కట్టిండ్రు సార్?"

"నేను రాకముందే. ఎందుకు?"

"నాయిన రాసిండు, చెరువు దిక్కు నుంచి వాన వస్తె డబ్బాల తక్కువ పడుతదని. ఎందుకో తెల్వదని గూడ రాసిండు. గోడ అడ్డం వస్తుందేమో అని నా అనుమానం. గోడకు దగ్గర, దూరం పెట్టి చూస్తున్న. గియ్యాల వాన చెరువు దిక్కు నుంచే వచ్చింది."

"అయితే దరఖాస్తు?"

"మీ దగ్గరనే ఉండనీయుండ్రి సార్. గోడ సంగతి తేలనీ."

గడియారం ఎనిమిదిన్నర చూపింది. వినోద తాళం తీసి, సీసా తీసి, కొలగాజులో నీరు పోసింది. కృష్ణారావు గారు అలవాటు ప్రకారం జేబులోంచి కలం తీసి, "ఎంత?" అన్నారు.

ఆమె చెప్పలేదు. గాజును దిమ్మె మీద పెట్టి, పక్కకు జరిగి, ఆయన గొడుగు తాను అందుకుంది.

"పైనుంచి చూస్తె ఎక్కువ కనవడుతది సార్. కంటికి సమంగ ఉండాలె. వంగుండ్రి."

పదకొండేళ్ళుగా ఆ అంకెల కింద సంతకం చేసిన మనిషి, పంచె కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, తడినేల మీద మోకాలు ఆనించి వంగారు. కళ్ళద్దాల మీది చినుకులు తుడుచుకున్నారు. నీటి అంచు గీతల మధ్య కొద్దిగా వంపు తిరిగి నిలిచి ఉంది.

"ఈ వంపులో పైది చూడాలా, కిందది చూడాలా?" అని అడిగారాయన.

"కిందది సార్," అంది వినోద. "ఎందుకో అడగకుండ్రి. అది గూడ తెలుసుకోవాలె."

ఆయన చాలాసేపు అలాగే చూశారు.